ఆరింట ఒక వంతు స్పిట్‌ఫైరు

హైదరాబాదు పేరు ధరించిన విమానదళములు రెండు ప్రపంచ యుద్ధములలోను ఎగిరిన సంగతి నేడు చాలమందికి జ్ఞప్తిలో లేదు. 1918లో నిజాము ప్రభువు ఒసగిన ధనముతో డి.హెచ్.9ఎ విమానములు బ్రిటిష్ వైమానిక బలమునందలి 110వ దళమునకు చేరినవి. ఆ దళమునకు హైదరాబాదు పేరు నిలిచినది. రెండవ ప్రపంచ యుద్ధమున ఆ పేరు 152వ దళమునకును వచ్చినది. ఆ దళపు చిహ్నమునందు చిత్రింపబడినది నిజాము తలపాగా. దాని క్రింద నున్న ఆంగ్ల వాక్యమునకు ‘విశ్వాసపాత్రుడైన మిత్రుడు’ అని అర్థము. ఈ దళమువారు 1940లో ఇంగ్లండు దక్షిణ తీరమునందలి వార్మ్‌వెల్ నుండి స్పిట్‌ఫైరు విమానములతో పోరాడిరి. 1942 చివర ఉత్తర ఆఫ్రికాకును, 1943లో సిసిలీ, ఇటలీలకును వెళ్ళిరి. ఆ సంవత్సరాంతమున భారతదేశమునకు వచ్చి, 1945 వరకు బర్మా రంగమున పనిచేసిరి. బర్మాలో ఆ విమానముల ప్రక్కల మీద ముందునకు దూకుచున్న నల్లని చిఱుతపులి బొమ్మ యుండెడిది.

బర్మాలో ఎగిరిన ఆ ఎనిమిదవ రకపు స్పిట్‌ఫైరును ఆరింట ఒక వంతు కొలతతో నిర్మించి, రేడియో తరంగములతో నడిపించుట ఎట్లు అను విషయమును ఇచట వివరింపదలచితిమి. ఇది పిల్లల ఆటవస్తువు కాదు. అంగడిలో దొరకు బొమ్మ విమానమునకు ఎగిరిన చాలును. కొలతకు కట్టిన నమూనా ఎగురుటయే కాక, అసలు విమానమునకు సాక్ష్యము కూడ చెప్పవలెను. దీనిని కట్టువాడు అసలు విమానము చెప్పినట్లు వినవలెను. గాలి చెప్పినట్లును వినవలెను. ఆ రెండు మాటలును పొసగనిచోట ఎవరి మాట వినవలెనో ఎఱిగియుండవలెను. ఈ విద్య యందలి కష్టమంతయు అచటనే యున్నది.

ముందుగా కొలతలు చూతము. స్పిట్‌ఫైరు రెక్కల చివర నుండి చివరకు పొడవు 36 అడుగుల 10 అంగుళములు, అనగా 11.23 మీటర్లు. ఆరవ వంతు తీసికొన్నచో 1 మీటరు 87 సెంటీమీటర్లు. నిలువెత్తు మనిషి పొడవునకు మించిన రెక్క యన్నమాట. అసలు విమానపు రెక్కల వైశాల్యము సుమారు 22.5 చదరపు మీటర్లు. వైశాల్యము పొడవు యొక్క వర్గమును అనుసరించును గనుక నమూనాకు 36వ వంతు, అనగా 0.62 చదరపు మీటరు మాత్రమే వచ్చును. బరువు ఘనమును అనుసరించును. యుద్ధమునకు సిద్ధమైన విమానము సుమారు 3,500 కిలోలు తూగెడిది. అందులో 216వ వంతు 16 కిలోలు. కాని బరువు విషయమున ఇంత విశ్వాసము పనికిరాదు. 16 కిలోల నమూనాలో ఒక్కొక్క చదరపు మీటరు రెక్క 26 కిలోలు మోయవలసి వచ్చును. అది నేలకు దిగునప్పుడు వేగము పట్టరానిదగును. 6 కిలోలలో ముగించినచో ఆ భారము 10 కిలోలకు లోబడియుండును. కాబట్టి కట్టువాడు మొదటి దినమునుండియు త్రాసును ప్రక్కన పెట్టుకొని పనిచేయవలెను.

ఇక గాలి సంగతి. విమానమును ఆరింట ఒక వంతు చేయగలము గాని గాలిని చేయలేము. దాని సాంద్రత, జిగట మారవు. 1883లో ఆస్బర్న్ రేనాల్డ్సు అను శాస్త్రజ్ఞుడు గొట్టములలో నీటి ప్రవాహమును పరిశీలించి, ప్రవాహపు నడత వేగము, పరిమాణము, సాంద్రత, జిగట అను నాలుగింటి నిష్పత్తిపై ఆధారపడునని చూపెను. ఆ నిష్పత్తికే రేనాల్డ్సు సంఖ్య యని పేరు. అసలు విమానపు గరిష్ఠ వేగము గంటకు సుమారు 650 కిలోమీటర్లు. నమూనా అందులో ఆరవ వంతు, గంటకు 108 కిలోమీటర్లు, ఎగిరినదనుకొందము. రెక్క ఆరవ వంతు, వేగము ఆరవ వంతు. కావున రేనాల్డ్సు సంఖ్య 36వ వంతునకు దిగిపోవును. చిన్న రెక్కకు గాలి మఱింత జిగటగా తోచును. ఎత్తిపట్టు శక్తి తగ్గును. గాలి రెక్కను వదలిపెట్టు క్షణము త్వరగా వచ్చును. నేలకు దిగునప్పుడు ఈ భేదము కండ్లకు కట్టును. అసలు విమానము గంటకు సుమారు 130 కిలోమీటర్ల వేగమున నేలను తాకెడిది. అందులో ఆరవ వంతు 22. ఆ వేగమున 6 కిలోల నమూనా గాలిలో నిలువజాలదు. 45 కిలోమీటర్లకు తక్కువ కాకుండ దింపవలసియుండును. చూచువారికి అది అసలుదానికంటె రెట్టింపు తొందరలో నున్నట్లు కనబడును.

స్పిట్‌ఫైరు అనగానే మనసునకు వచ్చునది అండాకారపు రెక్క. ఆర్. జె. మిచెల్ నాయకత్వమున ఆ విమానము రూపొందినది. రెక్క గాలిలో ప్రవర్తించు తీరును లెక్కించి తీర్చినవాడు బెవర్లీ షెన్‌స్టన్. 1936 మార్చి 5న మొదటి విమానము ఈస్ట్‌లీ నుండి ఎగిరినది. మిచెల్ మరుసటి సంవత్సరమే మరణించెను. ఆ రెక్క చివరలకు పోవుకొలది సన్నబడును. నమూనాలో ఆ చివర వెడల్పు అఱచేతి కొలతకు వచ్చును; అచట రేనాల్డ్సు సంఖ్య మఱింత తక్కువ. వేగము తగ్గినప్పుడు రెక్క మొదట చివరనే పట్టు తప్పినచో విమానము ఒక ప్రక్కకు ఒరిగి, గిరగిర తిరుగుచు పడును. దీనికి విరుగుడును మిచెల్ బృందమువారే చూపియుంచిరి. రెక్క మొదట 2 డిగ్రీలు పైకి చూచునట్లును, చివరకు చేరునప్పటికి అర డిగ్రీ క్రిందికి చూచునట్లును వారు దానికి మెలి పెట్టిరి. మొత్తము రెండున్నర డిగ్రీలు. అప్పుడు పట్టు తప్పుట మొండెము దగ్గర ఆరంభమగును. చివరనున్న ఐలిరానులు మాట వినుచునే యుండును. నమూనా కట్టువాడు ఈ మెలిని వదలినచో తక్కిన పనితనమంతయు మొదటి దినముననే నేలపాలగును.

దీనిని సాధించుట ఎట్లు? బాల్సా కఱ్ఱతో రెక్కకు ఈనెలు కోయుదురు. కొండపల్లి బొమ్మల పొణికి కఱ్ఱను ఎఱిగిన మనకు బాల్సా స్వభావము తెలియనిది కాదు: కత్తికి లొంగును, గోటితో నొక్కిన సొట్టపడును, తేలికలో సాటిలేనిది. దాని జన్మస్థానము దక్షిణ అమెరికా; ఈక్వడార్ నుండి అది దేశదేశములకు ఎగుమతి యగును. తిన్నగా సన్నబడు రెక్కకైనచో మొదటి ఈనెకును, చివరి ఈనెకును అచ్చులు చేసి, నడుమ చెక్కలను పేర్చి ఒక్కసారిగా చెక్కివేయవచ్చును. అండాకారపు రెక్కకు ఆ సులువు చెల్లదు. ప్రతి ఈనెను వేఱుగా గీచి, వేఱుగా కోయవలెను. ఒక్కొక్క ఈనె క్రింద చిన్న కాలు నొకదానిని వదలిపెట్టుదురు. మొదటి ఈనె నుండి చివరి ఈనె వరకు ఆ కాళ్ళ ఎత్తు క్రమముగా మారును. 12 సెంటీమీటర్ల వెడల్పు గల చివరి ఈనె వద్ద వెనుక అంచు 5 మిల్లీమీటర్లు లేచియున్నచో కోరిన మెలి వచ్చినట్లే. కాళ్ళు సమతలమైన బల్లపై ఆనియుండగనే దూలములను అతికి, ముందుభాగమున మీదను క్రిందను పలుచని బాల్సా పలకను కప్పి పెట్టె వలె బిగించవలెను. అసలు స్పిట్‌ఫైరు రెక్కకును బలము ఇట్టి ముందుపెట్టెలోనే యుండెడిది. జిగురు పూర్తిగ ఆరిన పిమ్మట కాళ్ళను కోసివేయుదురు. మెలి రెక్కలో నిలిచిపోవును.

మొండెమునకు ప్లైవుడ్ చట్రములను నిలిపి, వానిపై సన్నని బద్దలు పఱచి, బాల్సా కప్పి, ఉప్పు కాగితముతో రుద్ది, గాజునార గుడ్డను రెసినుతో అతుకుదురు. ఇచట బరువు పంపిణీ ముఖ్యము. విమానపు గరిమనాభి రెక్క వెడల్పులో ముందునుండి సుమారు పాతిక మొదలు మూడవ వంతు లోపల పడవలెను. వెనుకకు జరిగినచో విమానము ఎవరి మాటయు వినదు. అసలు విమానమునకు ముక్కులో 27 లీటర్ల మెర్లిన్ యంత్రము ప్రతిబరువుగా నుండెడిది. నమూనాలో అట్టి బరువు లేదు. తోక మాత్రము పొడవుగా వెనుకకు చాగియున్నది. తోకలో ఒక గ్రాము పెరిగినచో ముక్కులో రెండు మూడు గ్రాముల సీసము చేర్చవలసి వచ్చును. అందుచేత వివేకి యగు నిర్మాత తోకకు తన పెట్టెలోని అన్నింటికంటె తేలికయైన కఱ్ఱను ఏఱి పెట్టును. రంగు కూడ అచట పలుచగనే వేయును. బ్యాటరీలను వీలైనంత ముందునకు జరుపును.

నేడు చాలమంది విద్యుత్ మోటారును, లిథియం పాలిమరు బ్యాటరీలను వాడుచున్నారు. కొందఱు పెట్రోలు యంత్రమునో, మిథనాలుతో నడచు చిన్న యంత్రమునో కోరుదురు. లిథియం బ్యాటరీ ఒక్కొక్క అరను 4.2 వోల్టులకు మించి నింపుట, సొట్టపడినదానిని తిరిగి వాడుట అగ్నిప్రమాదమునకు దారితీయును. దానిని నింపునప్పుడు ఇంట ఎవరును చూడకుండ వదలి పోరాదు. ప్రొపెల్లరు విషయమున ఒక రాజీ తప్పదు. ఎనిమిదవ రకపు స్పిట్‌ఫైరునకు నాలుగు ఆకుల ప్రొపెల్లరు. దానిని కొలతకు చేసి నిలిపినచో చూపునకు ఒప్పును. ఎగురుటకు రెండాకులది మేలుగా పనిచేయును. కావున చాలమంది రెండింటిని ఉంచుకొందురు: ప్రదర్శనకు ఒకటి, ప్రయాణమునకు ఒకటి.

చక్రముల సంగతియు ఇట్టిదే. స్పిట్‌ఫైరు చక్రముల నడుమ దూరము 1.74 మీటర్లు మాత్రమే. నమూనాలో 29 సెంటీమీటర్లు. అంత పొడవు రెక్కకు ఇంత ఇఱుకు కాళ్ళు. ప్రక్కగాలి తగిలిన తూలుట, గడ్డి పట్టిన ముక్కు మీద పడుట దాని జన్మగుణము. దీనిని సరిదిద్దబోయి కాళ్ళను ఎడముగా జరిపినచో అది స్పిట్‌ఫైరు కాకుండపోవును. ఇచట అసలు విమానము మాటయే వినవలెను. నడిపించువాడు తన చేతిని దిద్దుకొనవలెను గాని విమానమును గాదు.

ఇప్పుడు మన సొంత విషయమగు రేడియోకు వత్తము. 1898లో నికోలా టెస్లా న్యూయార్కునందలి మాడిసన్ స్క్వేర్ గార్డెనులో తీగలేకుండ ఒక చిన్న పడవను నడిపి చూపెను. 1935లో బ్రిటనులో ‘క్వీన్ బీ’ అను విమానమును మనిషి లేకుండ రేడియోతో ఎగురవేసి, ఫిరంగిదళమువారి గుఱి అభ్యాసమునకు వాడిరి. 1930ల చివర అమెరికాలో గుడ్ సోదరులు తమ ‘గఫ్’ అను నమూనా విమానమును రేడియోతో నడిపిరి. ఆ తరువాత బహుకాలము సామాన్యుల నమూనాలు రడ్డరు నొక్కదానినే కదల్పగలిగెడివి. మీట ఒకసారి నొక్కిన ఒక ప్రక్కకు, రెండుసార్లు నొక్కిన మఱియొక ప్రక్కకు. రబ్బరు త్రాటి మెలియే దానికి బలము.

నేటి పద్ధతి వేఱు. చేతిలోని ప్రసారిణి ప్రతి మీట స్థానమును అంకెలుగా మార్చి 2.4 గిగాహెర్ట్జుల ప్రాంతమున పంపును. విమానములోని గ్రాహకము ఆ అంకెలను విద్యుత్ స్పందనలుగా మార్చి ‘సర్వో’ అను చిన్న మోటారులకు అందించును. వాడుకలో నున్న పద్ధతిలో స్పందన ఒకటిన్నర మిల్లీసెకండు ఉన్నచో సర్వో నడిమి స్థానమున నిలుచును. ఒక మిల్లీసెకండునకు తగ్గిన ఒక వైపునకు, రెండింటికి పెరిగిన రెండవ వైపునకు తిరుగును. సుమారు 20 మిల్లీసెకండులకు ఒకసారి ఈ ఆజ్ఞ వచ్చుచునే యుండును. ఐలిరానులు, ఎలివేటరు, రడ్డరు, యంత్రము, ఫ్లాపులు, చక్రములు, ఈ ఆరింటికి ఆరు మార్గములు కావలెను. పూర్వము ఇద్దఱు ఒకే తరంగముపై ప్రసారము చేసినచో ఇరువురి విమానములును కూలెడివి. నేటి ప్రసారిణులు తరంగమునుండి తరంగమునకు నిమిషనిమిషమునకు గాక క్షణక్షణమునకు మారుచు, తమ గ్రాహకమును మాత్రమే పలుకరించుచుండును.

హైదరాబాదు కేంద్రపు శ్రోతలకు పరిచితమైన 738 కిలోహెర్ట్జుల మధ్యతరంగము పొడవు సుమారు 406 మీటర్లు. అది కొండలను, గోడలను లెక్కచేయక వంగి సాగును. 2.4 గిగాహెర్ట్జుల తరంగము పొడవు పండ్రెండున్నర సెంటీమీటర్లు మాత్రమే. అది ఇంచుమించు వెలుగు వలె తిన్నగా పోవును. లోహపు రేకు, కార్బను నార దానికి తెర వంటివి. గ్రాహకపు ఏరియల్ కొస 31 మిల్లీమీటర్లు, తరంగములో నాలుగవ వంతు, విప్పియుండును. దానిని అల్యూమినియము రేకుల వెనుక దాచినచో విమానము మలుపు తిరిగిన ఒక క్షణమున చెవిటిదగును. రెండు ఏరియళ్ళను ఒకదానికొకటి లంబముగా, రేకులకు దూరముగా అమర్చుట అందులకే. 6 కిలోల వస్తువు గంటకు 100 కిలోమీటర్ల వేగమున వచ్చి తగిలినచో దాని తాకిడి 39 మీటర్ల ఎత్తునుండి, అనగా పండ్రెండంతస్తుల మేడపైనుండి, పడినదానితో సమానము. కావున తరంగము తెగిన తోడనే యంత్రము ఆగిపోవునట్లు గ్రాహకమునకు ముందే నేర్పియుంచవలెను. ఎగురుటకు పూర్వము ప్రసారిణి బలమును తగ్గించి, దూరముగా నడచిపోయి, అన్ని అంగములును కదలుచున్నవో లేవో చూడవలెను. జనులు గుమిగూడిన చోట్లను, విమానాశ్రయముల పరిసరములను వర్జింపవలెను. 2021 నాటి డ్రోన్ నియమముల ననుసరించి ప్రభుత్వము పటమునందు ఎఱుపు, పసుపు, ఆకుపచ్చ మండలములను ఏర్పఱచినది; మైదానము ఎన్నుకొనునప్పుడు దానిని చూచుట విధి.

ఎగురుటకు సిద్ధమైన విమానమునకు ఇక ముఖము దిద్దుట మిగిలినది. రేకుల అతుకులకై అచ్చాఫీసులలో వాడి తీసివేసిన పలుచని అల్యూమినియము పలకలు చక్కగా ఉపయోగపడును. పైన చెప్పిన కారణమున వానిని ఏరియళ్ళ సమీపమున వాడరాదు. రివెట్లకు వడ్రంగులు వాడు తెల్ల జిగురును సూదిమందు సూదితో బొట్లుగా పెట్టుదురు. అసలు రివెట్టు తల 6 మిల్లీమీటర్లనుకొన్నచో నమూనాలో ఒక మిల్లీమీటరు. కాని పెట్టకముందు విచారింపవలెను. స్పిట్‌ఫైరు రెక్క మీది రివెట్లు తలలు లేచినవి కావు. రేకుతో సమముగ అణగియున్నవి. అవి అంత అవసరమా యని పరీక్షించుటకు ఆనాటి ఇంజనీర్లు రివెట్ల మీద ఎండు బఠాణీ పప్పు బద్దలను అతికి ఎగురవేసిరి. వేగము గంటకు 22 మైళ్ళు తగ్గినది. పిమ్మట కొన్ని కొన్ని వరుసల పప్పును తీసివేయుచు, ఎచట తల లేచియున్నను నష్టము లేదో తెలిసికొనిరి. రెక్క నిండ జిగురు బొట్లు పెట్టిన నమూనా పనితనమునకు ప్రశంస పొందవచ్చును గాని, సాక్ష్యమునకు తప్పినట్లే. అచట సన్నని గొట్టపు కొసను వేడిచేసి మెల్లగ అద్దిన గుండ్రని గీతలే సత్యము.

మరకల విషయముననూ ఇదే న్యాయము. స్పిట్‌ఫైరు తలుపు ఎడమ వైపున నుండెడిది. విమానచోదకుడు ఎడమ రెక్క మొదటిపై కాలు పెట్టి ఎక్కెడివాడు. కావున రంగు చెక్కుకొనిపోవునది అచట. చేయి పడని కుడి రెక్క కొసన కాదు. మరతుపాకుల రంధ్రములను దుమ్ము చొరకుండ గుడ్డముక్కలతో మూసి ఎఱ్ఱరంగు పూసెడివారు. కాల్చిన తోడనే అవి చినిగిపోయి వెనుక మసి చార ఏర్పడెడిది. ఒకే తుపాకికి చెదరని ఎఱ్ఱగుడ్డయు, వెనుక మసి చారయు చిత్రించుట అసంగతము. ఆ విమానము ఆ ఉదయము కాల్చినదో లేదో ముందు నిర్ణయించుకొని, పిమ్మట కుంచె పట్టవలెను.

ఇక గుర్తులు. ఐరోపాలో బ్రిటిష్ విమానముల వృత్తచిహ్నమున ఎఱ్ఱని బొట్టు ఉండెడిది. ఆసియాలో శత్రువగు జపాను గుర్తే ఎఱ్ఱని వృత్తము. తొందరపాటున తమవారే తమవారిని కాల్చు ప్రమాదము కలదు. అందుచేత బర్మా రంగమున ఎఱుపును తొలగించి, ముదురు నీలపు వలయములో లేత నీలపు బొట్టును ఉంచిరి. 152వ దళపు ‘యు ఎం’ అక్షరములు, నల్లని చిఱుతపులి ఆ వలయము చెంతనే యుండెడివి. నలుపు తెలుపు ఛాయాచిత్రములను చూచి రంగు నిర్ణయించువారు ఒకటి గుర్తుంచుకొనవలెను: ఆ కాలపు ఫిలిములు కొన్నింటిలో ఎఱుపు నల్లగను, నీలము తెల్లగను పడెడిది. ఒక్క చిత్రమును నమ్మి కుంచె ముంచరాదు. రంగును అసలుకంటె ఒక పాలు లేతగా కలుపుట మేలు. దూరపు వస్తువు వెలిసినట్లు కనబడును గనుక చిన్న విమానము కూడ అంత దూరమున నున్నట్లు తోచును.

క్రొత్తగా ఈ విద్య నేర్వగోరు యువకులు స్పిట్‌ఫైరుతో ఆరంభింపరాదు. మీదరెక్క గల సాధుస్వభావపు అభ్యాస విమానముతో, అనుభవజ్ఞుల చెంత, ఒక సంవత్సరమైనను చేయి తిరిగిన పిమ్మట దీనికి పూనుకొనవలెను. కట్టుటకు నెలలు పట్టును. అన్ని నెలల పని గాలిలోనికి లేచుటకు పట్టునది కొలది క్షణములే. యంత్రమును నెమ్మదిగా పెంచుచు, ముక్కు ఎడమకు లాగిన రడ్డరుతో సరిదిద్దుచు, తొందరపడి పైకి లాగకుండ ఓపిక పట్టినవానికి అది దక్కును.

మొత్తము 20,000కు పైగా స్పిట్‌ఫైరులు నిర్మింపబడినవి. నమూనా వానిలో ఏదో ఒకటి కారాదు. ఫలానా అక్షరము, ఫలానా సంఖ్య గల ఒక్క విమానము కావలెను. ఆ అక్షరమును చిత్రించుటకు ముందు ఆ విమానము ఎచటనుండి ఎగిరినదో, దానిని నడిపినవా రెవరో, అది తిరిగి వచ్చినదో లేదో దళపు దినచర్యలను వెదకి తెలిసికొనుట నిర్మాత ధర్మము. అది మారణాయుధమే, దానిలో కూర్చున్నవారు ఇరువది ఏండ్లవారు, దాని ఎదుట పడినవారును అట్టివారే. ఈ చిన్న విమానము తుపాకులు కాల్చదు. హైదరాబాదు పేరుతో బర్మా అడవులపై ఎగిరిన ఒక యంత్రమును, దాని లోపలి మనిషిని, తప్పు చెప్పకుండ మనకు చూపి, క్షేమముగా గడ్డిమీద దిగిన చాలును.